ఒంట్లో క్రిముల్ని చంపే కరెంటు పెట్టెలు: మీటరు పెట్టి చూస్తే

సంపాదకులకు,

పొద్దున్నే పేపరు మడత విప్పితే జారిపడే కరపత్రాల్లో టిఫిన్ సెంటర్లు, స్థలాల వెంచర్లతో పాటు ఇప్పుడు ఇంకో రకం కూడా ఉంటోంది. మందుల్లేకుండా కరెంటుతో ఒంట్లో వైరస్, బ్యాక్టీరియా, నులిపురుగులు మాయం అని. అపార్టుమెంటు సెల్లార్లో ఉచిత డెమో. కొందామనుకునేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: జాపరా, రైఫ్ మెషినా, బ్లడ్ ఎలక్ట్రిఫయరా, వీటిలో ఏది మంచిది? పోల్చి చూడాల్సిందే, కాకపోతే మూత విప్పి చూడాలి.

జాపర్ విప్పితే ఒక 555 ఐసీ (కరెంటును ఆన్, ఆఫ్ చేసే టైమర్ చిప్), నాలుగైదు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక ఎల్ఈడీ, 9 వోల్టుల బ్యాటరీ, చేత్తో పట్టుకోవడానికి రెండు రాగి గొట్టాలు కనిపిస్తాయి. రాగి గొట్టాలు పక్కన పెడితే సామానంతా రెండు మూడు వందల్లో వస్తుంది. సెకనుకు 30 వేల సార్లకు పైగా ఆన్, ఆఫ్ అయ్యే చదరపు అల ఇస్తుంది. అమెరికాలో ప్రత్యామ్నాయ వైద్యం చెప్పిన హల్దా క్లార్క్ 1990ల్లో ప్రచారం చేసిన డిజైన్ ఇది: 7 నిమిషాలు పట్టుకోవాలి, 20 నిమిషాలు ఆగాలి, అలా మూడుసార్లు. ఫ్రీక్వెన్సీ ఎంతైనా ఫరవాలేదు, అల సున్నాకు కిందికి మాత్రం దిగకూడదన్నది ఆవిడ లెక్క.

బ్లడ్ ఎలక్ట్రిఫయర్ అమెరికాకే చెందిన బాబ్ బెక్‌ది. మూడు 9 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 27 వోల్టులు, సెకనుకు దాదాపు 4 సార్లు అటూ ఇటూ పోయివచ్చే కరెంటు. ఉప్పునీళ్లలో తడిపిన నూలుగుడ్డ చుట్టిన ఎలక్ట్రోడ్లను మణికట్టు మీద నాడి కొట్టుకునే చోట కట్టుకోవాలి. ఇక్కడ అల సున్నాకు పైకీ కిందికీ రెండు వైపులా పోతుంది. అంటే క్లార్క్ కూడదన్నదే బెక్ చేయమన్నాడు.

రైఫ్ దారి వేరు. 1930ల్లో శాన్ డియాగోలో రాయల్ రైఫ్ వాయువు నింపిన గాజు గొట్టంతో ప్రయోగాలు చేశాడు. ఒక్కో క్రిమికి ఒక్కో ఫ్రీక్వెన్సీ ఉంటుందనీ, అది తగిలితే పగిలిపోతుందనీ వాదించాడు. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి ఆ గొట్టమే లేదు. ఒక ఫ్రీక్వెన్సీ జనరేటర్, రెండు ప్యాడ్లు, జబ్బుల జాబితా ఉన్న పుస్తకం, అంతే. రైఫ్ లెక్కలో ఫ్రీక్వెన్సీయే సర్వస్వం, క్లార్క్ లెక్కలో దానికి విలువే లేదు. ఒకరిది నిజమైతే మిగతా ఇద్దరి పెట్టెలూ పనిచేయకూడదు. మరి అమ్మేవాడు మూడింటినీ ఒకే డబ్బాకు మూడు బటన్లు చేసి ‘త్రీ ఇన్ వన్’ అంటాడు! పైగా పాటగాడి గొంతుకు గాజు గ్లాసు పగిలినట్టు క్రిమి పగులుతుందంటారు. ఆ గ్లాసు పగలడానికి చుట్టూ గాలి ఉండాలి. ఒంట్లో క్రిమి నీళ్లలో ఉంటుంది. బిందె నీళ్లలో ముంచిన గంట మోగుతుందా?

ఇక అసలు లెక్క. బ్యాక్టీరియా పొరకు కరెంటుతో చిల్లు పడాలంటే ఆ పొరకు అటూ ఇటూ దాదాపు ఒక వోల్టు తేడా రావాలి. క్రిమి సైజు మీటరులో పది లక్షో వంతు, అంటే ఒక మైక్రాన్. అంత చిన్నదాని మీద ఒక వోల్టు నిలబెట్టాలంటే సెంటీమీటరుకు పది వేల వోల్టుల లెక్కన విద్యుత్ క్షేత్రం కావాలి. పండ్లరసాల ఫ్యాక్టరీల్లో కరెంటు పల్సులతో క్రిముల్ని చంపే పద్ధతి నిజంగానే ఉంది, అక్కడ వాడేది సెంటీమీటరుకు 20 నుంచి 40 వేల వోల్టులు. జాపర్‌లో? ఒక చేతి నుంచి రెండో చేతికి దారి మీటరున్నర అనుకుంటే, 9 వోల్టులూ పూర్తిగా లోపలికి పోయినా సెంటీమీటరుకు 0.06 వోల్టులే. లక్ష రెట్లకు పైగా తక్కువ. బెక్ పెట్టెది దీనికి మూడు రెట్లు, అయినా కథ మారదు.

ఇంకో మెలిక ఉంది. ఒకే క్షేత్రంలో కణం ఎంత పెద్దదైతే దాని పొర మీద అంత ఎక్కువ వోల్టేజి పడుతుంది. ఎర్ర రక్తకణం అడ్డంగా 7, 8 మైక్రాన్లు, బ్యాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్లు, వైరస్ అందులో పదో వంతు. కాబట్టి క్రిమిని చీల్చేటంత కరెంటు నిజంగా ఇస్తే ముందు పగిలేవి మన రక్తకణాలే. క్రిముల్ని ఏరుకుని చంపే కరెంటు అనే మాట ఇక్కడే తేలిపోతుంది. నడుంనొప్పికి ఫిజియోథెరపీలో పెట్టే టెన్స్ యంత్రం జాపర్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా, పదుల మిల్లీ ఆంపియర్ల పల్సులు ఇస్తుంది. దాంతో అమీబియాసిస్ పోయినవాళ్లు లేరు.

మరి పరిశోధనలున్నాయంటారే అంటే, ఉన్నది 1990ల మొదట్లో న్యూయార్కులో జరిగిన పని. ఒంటి బయట, చిన్న పాత్రలోని ద్రవంలోకి 50 నుంచి 100 మైక్రో ఆంపియర్ల కరెంటు పంపి, హెచ్ఐవీ మీద ప్రభావం చూశారు. బెక్ దాన్ని తెచ్చి మణికట్టుకు కట్టాడు. పాత్రలో ఎలక్ట్రోడ్లు నేరుగా ద్రవాన్ని తాకుతాయి, వాటి దగ్గర పుట్టే రసాయనాలూ అందులోనే కలుస్తాయి. మణికట్టు మీద అవే రసాయనాలు చర్మం మీద తయారవుతాయి, చర్మాన్నే కాలుస్తాయి. రుణ ధ్రువం దగ్గర క్షారం, ధన ధ్రువం దగ్గర ఆమ్లం. గుడ్డ ఒక పక్క ఆరిపోతే కరెంటంతా తడి ఉన్న చుక్క మీదే పోగై అక్కడ చిన్న పుండు పడుతుంది. రాగి గొట్టాలు పట్టుకున్న అరచేతిలో వచ్చే ఆకుపచ్చ మరక చెమటకూ కరెంటుకూ కరిగిన రాగి. దాన్నే ‘విషాలు బయటికొస్తున్నాయి’ అని చూపిస్తారు. తలనొప్పి వచ్చినా, నీరసం వచ్చినా అదే జవాబు. ఏం జరిగినా యంత్రం పనిచేస్తున్నట్టే!

ఇంట్లో మల్టీమీటరు ఉంటే డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి జాపర్ గొట్టాల మధ్య కొలవండి. 9 కాదు, 4 దరిదాపుల్లో చూపిస్తుంది, ఎందుకంటే సగం సేపు ఆఫ్‌లో ఉంటుంది. ఇప్పుడు గొట్టాల మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి, తడి చేతులతో పట్టుకున్న మనిషికి అది సుమారు బదులు. లోపల కూడా 1 కిలో ఓమ్ ఉన్న మామూలు డిజైన్ అయితే రీడింగు 2 వోల్టులకు పడిపోతుంది. అంటే సగటున 2 మిల్లీ ఆంపియర్లు. ఈ కొలత బ్యాటరీ మీదే చేయండి.

బ్యాటరీ అని ఊరికే అనలేదు. ఈ పెట్టెల్లో ప్రాణం మీదికి వచ్చే భాగం అడాప్టరే. చవక అడాప్టరులో 230 వోల్టుల వైపునూ తక్కువ వోల్టుల వైపునూ విడదీసే ఇన్సులేషన్ నాసిరకంగా ఉంటే, ఫేజు సరాసరి గొట్టాల్లోకి వస్తుంది. చేతులు తడిగా ఉంటాయి, దారి గుండె మీదుగా పోతుంది. అడాప్టరు మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే నంబరు లేకపోతే ప్లగ్గులో పెట్టకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు బ్యాటరీతో నడిచేదాన్ని కూడా ముట్టుకోకూడదు.

వీటి పక్కన పెట్టి అమ్మేవి ఇంకో రెండున్నాయి. వెండి తీగల్ని నీళ్లలో ముంచి కరెంటు పెట్టి ఆ నీళ్లు తాగమనే యంత్రం ఒకటి. రోజూ తాగితే వెండి చర్మంలో చేరి ఒళ్లు నీలి బూడిద రంగుకు మారవచ్చు, ఆ రంగు మళ్లీ పోదు. అమెరికా ఎఫ్‌డీఏ 1999లోనే ఇలాంటి వెండి మందులకు సురక్షితమన్న గుర్తింపు గానీ పనిచేస్తాయన్న గుర్తింపు గానీ లేదని తేల్చింది. రెండోది కాళ్ల టబ్బు. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లు అరగంటలో గోధుమరంగుకు తిరుగుతాయి. డెమోలో ఒక్క మాట అడగండి: కాళ్లు పెట్టకుండా అంతే ఉప్పు, అంతే సేపు నడపమని. నీళ్లు అప్పుడూ రంగు మారతాయి. అది ఎలక్ట్రోడు ఇనుము తుప్పు.

ఆర్ఓ వాటరు ఫిల్టరులో యూవీ దీపం క్రిముల్ని చంపడం లేదా అని అడిగేవాళ్లున్నారు. చంపుతుంది, 254 నానోమీటర్ల ఆ వెలుగు తేటనీటిలో దూరం పోతుంది కాబట్టి. చర్మంలో పైపొర దాటదు.

డబ్బు పోవడం కన్నా పెద్ద నష్టం మాత్రలు ఆపడం. ఒంట్లో క్రిమి నిజంగా చచ్చే చోట దారి స్పష్టంగా ఉంది: మామూలు క్షయకు 6 నెలల మందులు, హెపటైటిస్ సి ఎక్కువమందికి 12 వారాల మాత్రలు. హెచ్ఐవీ పూర్తిగా పోదు గానీ వైరస్‌ను అణిచే మందులైన ఏఆర్‌టీతో అణిగి ఉంటుంది. గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో క్షయకూ, హెచ్ఐవీకీ మందులు ఉచితం. క్షయ రోగికి చికిత్స ఉన్నన్నాళ్లూ నెలకు 1000 రూపాయల పోషణ సాయం కూడా ఉంది. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఆ తగ్గుదలను జాపర్ ఖాతాలో వేసి మాత్రలు మానేస్తే, మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగకుండా తిరగబడతాయి.

సంపాదకులకు ఒక మనవి. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం క్యాన్సరు, మధుమేహం లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించేవాడినే కాదు, ఆ ప్రకటన ప్రచురణలో పాలు పంచుకున్నవాడిని కూడా పట్టుకుంటుంది. కరపత్రం ఏజెంటు దగ్గర లోపలికి చేరుతుంది, పత్రికకు తెలియకపోవచ్చు. ఏజెంట్లకు ఒక సర్క్యులర్ పంపితే సరిపోతుంది.

కొనేవాళ్లు చూడాల్సింది ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్’ అన్న బంగారు రంగు స్టిక్కరు కాదు, రిజిస్ట్రేషన్ అంటే ఆమోదం కాదు. జబ్బు నయం చేసే పరికరమైతే మన వైద్య పరికరాల నిబంధనల కింద లైసెన్సు నంబరు ఉండాలి. ఇక్కడ తయారైతే అది ‘ఎంఎఫ్‌జీ/ఎండీ’తో, దిగుమతి అయితే ‘ఐఎంపీ/ఎండీ’తో మొదలవుతుంది. డబ్బా మీద ‘వెల్‌నెస్ పరికరం’ అని మాత్రమే ఉండి, క్రిముల మాట నోటితో చెబుతుంటే, ఆ మాటనే బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. రాసిస్తే ఆ బిల్లుతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. రాయనంటే పర్సు తీయాల్సిన పనే లేదు.

— వైద్య పరికరాల మరమ్మతు టెక్నీషియన్లు,
బ్రాడీపేట, గుంటూరు