ఢిల్లీలో మన పిల్లలకు సీటు వస్తుందా?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో వెనక వరసలోంచి ఒక తండ్రి లేచి, "మేడమ్, ఈ ఊళ్లో చదివిన పిల్లకి ఢిల్లీలో సీటు ఎవరిస్తారు?" అని అడిగారు. ఆ రోజు టైమ్ లేక రెండు మాటలు చెప్పి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ నెల ఉత్తరమంతా ఆయనకు జవాబే.

ముందు ఉన్నదున్నట్టు చెప్తాను. ఢిల్లీ యూనివర్సిటీలో డిగ్రీ సీట్లు దాదాపు 71 వేలు. అక్కడ సీటు కావాలంటే సీయూఈటీ అనే ఎంట్రన్స్ రాయాలి. 2025లో దానికి పేర్లిచ్చిన పిల్లలు దేశమంతా కలిపి 13 లక్షల పైనే. అందరూ ఢిల్లీ కోసమే రాయరు గానీ, పోటీ గట్టిదే. పేరుమోసిన నాలుగైదు కాలేజీలే కావాలంటే చాలా కష్టం. అయితే అక్కడ కాలేజీలు 60కి పైగా ఉన్నాయి. ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో చెప్పే ఆప్షన్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఐదు పెట్టి ఆగిపోయిన పిల్లకీ, యాభై పెట్టిన పిల్లకీ చాలా తేడా ఉంటుంది.

2021 వరకూ అక్కడ ఇంటర్ మార్కులతోనే సీట్లిచ్చేవారు. ఆ ఏడాది కొన్ని కోర్సులకు కటాఫ్ నూటికి నూరు! 2022 నుంచి ఈ సీయూఈటీ వచ్చింది. తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయొచ్చు. ఒక్కో పేపర్‌కు 50 ప్రశ్నలు, గంట టైమ్. ఒప్పుకు ఐదు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌లోంచి వస్తాయి కాబట్టి ఆ పుస్తకాలు లైబ్రరీకి తెప్పించాం. పిల్లలు ఇంటికి తీసుకెళ్లొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. రెండేళ్ల కింద మన అమ్మాయి ఒకరు మంచి స్కోరు తెచ్చుకుంది. సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోయింది. వాళ్ల నాన్న ప్లాస్టిక్ కవర్లో మడత నలగకుండా దాచుకుని తెచ్చింది మన రాష్ట్రం ఇచ్చే బీసీ-బీ సర్టిఫికెట్. అక్కడ కావాల్సింది కేంద్ర ఫార్మాట్‌లో ఉండే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బాగా కలిగిన కుటుంబం కాదని చెప్పే) సర్టిఫికెట్, అదీ ఆ ఏడాది మార్చి 31 తర్వాత తీసుకున్నది. ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చేలోపు గడువు దాటిపోయింది. ఆ పిల్ల నా గదిలో కుర్చీ అంచున కూర్చుని, "మేడమ్, నేను బాగానే రాశాను కదా" అంది. ఆ కాగితం సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఇంకో పిల్లకు అలా జరగనివ్వను.

ఇంకో మాట. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం జాబితాలో లేవు. మీది ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. సీటు వచ్చాక గడువులోపు యాక్సెప్ట్ కొట్టకపోతే అది పోతుంది. ఇంకా పెద్ద కాలేజీ కావాలంటే, ముందు ఇది తీసుకుని తర్వాత అప్‌గ్రేడ్ అడగాలి.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు గ్రూప్ విషయంలో తొందరపడకండి. ఢిల్లీ యూనివర్సిటీ సీటుకైతే ఇంటర్‌లో చదివిన సబ్జెక్టుల్లోనే సీయూఈటీ రాయాలి. ఎకనామిక్స్ ఆనర్స్ మీద మనసుంటే మ్యాథ్స్ ఉండి తీరాలి. అలాంటి పిల్లకు సీఈసీ కాదు, ఎంఈసీ కావాలి. హెచ్ఈసీ తీసుకుంటానంటే చిన్నచూపు చూడకండి. హిస్టరీ, పొలిటికల్ సైన్స్‌కు అదే దారి.

దూరం గురించి మీ టెన్షన్ నాకు తెలుసు. కాజీపేటలో పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున ఢిల్లీలో దిగుతారు. అక్కడి శ్రీ వేంకటేశ్వర కాలేజీని 1961లో పెట్టింది తిరుమల తిరుపతి దేవస్థానమే. దగ్గరి మెట్రో స్టేషన్‌కు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. ఖర్చు మాత్రం ముందే లెక్క వేసుకోండి. చాలా కాలేజీల్లో ఫీజు వేలల్లోనే ఉంటుంది, కానీ హాస్టల్ సీట్లు తక్కువ. బయట పేయింగ్ గెస్ట్‌గా ఉంటే అద్దె, తిండి ఫీజును మించిపోతాయి.

వచ్చే రెండో శనివారం సెలవే అయినా ఉదయం 10 గంటలకు కంప్యూటర్ ల్యాబ్ తెరుస్తాం. పిల్లలు మౌస్‌తో మాక్ టెస్ట్ రాస్తారు. మీరు పక్క గదిలో నా దగ్గరికి రండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు, ఆధార్, పదో తరగతి మెమో తెచ్చుకోండి. పేరు స్పెల్లింగ్ అన్నింటిలో ఒకేలా ఉందో లేదో మొదట అదే చూద్దాం.

మీ
ప్రిన్సిపాల్