సగం కథ చెప్పి ఆగుడు

మహబూబ్‌నగర్

శీనూ,

ఎట్లున్నవ్ రా? దేవరకొండల ఎండలు మా పాలమూరు లెక్కనే కొడుతున్నయా? మొన్న ఫోన్ల సగమే చెప్పిన గదా, మిగిలింది రాస్తున్న.

పదిహేను, పదిహేడేండ్ల పిల్లలు తమ బతుకు మీద తమకు ఎంత పట్టున్నదనుకుంటున్నరో కనుక్కునుడు మా పని. పిల్లల బతుకుల మీద పరిశోధన చేసే 'యంగ్ లైవ్స్' వాళ్ళు 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల సుమారు 3,000 మంది పిల్లల వెంబడి ఉన్నరు, అందుల మన పాలమూరు గూడ ఉన్నది. 'గట్టిగ ప్రయత్నిస్తే నా బతుకు బాగుచేసుకోగలను' వంటి మాటలు చదివి, ఒప్పుకుంటవా అని అడుగుతరు. ఏండ్ల పొడుగున పోల్చనీకి అది కావాల్సిందే. కాని ఎదురుంగ పెద్దమనిషి కూసోని అడిగితే మన పిల్లలు "అవు సార్" అనకుంట ఇంకేమంటరు?

అందుకే మేము కథ సగం చెప్పి ఆగుతం. "రేణుక ఇంటర్ పాసయ్యింది. ఇంట్ల సంబంధం చూస్తున్నరు. ఆ రాత్రి..." అంతే. మిగిలింది వాళ్ళే రాయాలె. రేణుక ముచ్చట గదా, భయం లేకుంట రాస్తరు.

ఒక పిల్ల రాసింది జూడు (చెప్పుకోమన్నది ఆమెనే). రేణుక నాయినకు ఎదురు చెప్పదు. మేనత్తను పట్టుకుంటది. మేనత్త వచ్చి "డిగ్రీ అయితే నౌకరున్న సంబంధమే వస్తది" అని నాయిన చెవుల ఏస్తది. పెండ్లి ఆగుతది. అదే ప్రశ్నల కాయితం ఇస్తే 'నా పెండ్లి మా నాయిన ఇష్టం' అని టిక్కు పెట్టేది, మనం ఈమెకు పట్టే లేదని రాసుకునేటోళ్ళం. ఎంత అన్యాయం రా! ఎవరి నోటితోని చెప్పిస్తే పని అయితదో ఎరుకున్న పిల్ల అది. బేరమాడుడు గూడ ఏజెన్సీనే, అంటే తన బతుకు మీద తన పట్టే అని పరిశోధకురాలు నైలా కబీర్ 1999లనే రాసింది.

మగపిల్లలతోని రాయించలె, ఆడించినం. కూలోళ్ళను వలస పనికి తీస్కపోయే గుంపు మేస్త్రి అడ్వాన్సు పట్టుకొని ఇంటికొచ్చిండు, తమ్ముడు గడప కాడ నిలవడ్డడు. బ్రెజిల్ దేశపు నాటకకర్త అగస్తో బోల్ మొదలువెట్టిన ఫోరం థియేటర్ల, చూసేటోడు "ఆగు" అని లేచి, తమ్ముని జాగల నిలవడి కథ మార్చొచ్చు. చిందు భాగోతం చూసిన ఊర్లు గదా, నేర్పనీకి తిప్పలే పడలె. లేచినోళ్ళల్ల అడ్వాన్సు వద్దన్నోడు ఒక్కడు లేడు. "ఎన్ని నెలలకు? కాయితం రాసిస్తవా?" అని మేస్త్రిని నిలదీసిన్రు!

ఒక్కటి యాదుంచుకో. రేణుక చేసిందే రాసిన పిల్ల గూడ చేస్తదని అనుకోవద్దు. "రేణుకకు ఈ ధైర్యం ఎక్కడిది?" అని ఆ పిల్లనే అడగాలె, అర్థం చెప్పే హక్కు ఆమెదే. పేరు, ఊరు తీసేసినా గుర్తువడతరనిపిస్తే ఆ కథ ఎంత మంచిగున్నా బయటవెట్టొద్దు.

మీ దిక్కు పిల్లల కోసం కథ మొదలు నువ్వే రాయాలె. తండాల సంగతి నాకంటె నీకెరుక. నాలుగు వాక్యాలు దాటనియ్యకు, ఇట్ల ముగించాలని ఎక్కడ సైగ చెయ్యకు. ఆదివారం లోపల పంపు. వదినెను అడిగిన అని చెప్పు.

నీ
యాదగిరి