మన సినిమా క్లబ్ వార్షిక నివేదిక: ఏడాదంతా నాన్ని మొరెట్టి

సభ్యులందరికీ నమస్కారం.

నెలకో దేశం సినిమా వేసే పద్ధతి పక్కనపెట్టి, ఏడాది పొడవునా ఒకే దర్శకుణ్ణి చూద్దామని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. చాలా పేర్లే వచ్చాయి. చివరికి ఇటలీ దర్శకుడు నాన్ని మొరెట్టి ఖాయమయ్యారు. సొంతంగా రాసుకుని తీసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఈయన అంతటితో ఆగకుండా నిర్మాణ సంస్థ పెట్టారు, ఆ తర్వాత థియేటరూ పెట్టారు. హాలు కోసం ఎప్పుడూ ఎవరినో ఒకరిని బతిమాలుకునే మనం చూడాల్సిన మనిషి అని కార్యవర్గం అనుకుంది.

ఆయన 1953లో ఉత్తర ఇటలీలోని బ్రూనికోలో పుట్టి రోమ్‌లో పెరిగారు. తండ్రి ప్రాచీన గ్రీకు శాసనాల ప్రొఫెసర్, తల్లి లాటిన్, గ్రీకు పాఠాలు చెప్పే టీచర్. కుర్రాడికి మాత్రం వాటర్ పోలో, సినిమా తప్ప మరో ధ్యాస లేదు. దాచుకున్న స్టాంపులు అమ్మి సూపర్ 8 అనే చిన్న ఫిల్మ్ కెమెరా కొన్నారు. స్నేహితుల్ని పోగేసి 1976లో తీసిన తొలి పూర్తి నిడివి సినిమా ‘ఇయో సోనో ఉన్ ఔతార్కికో’. అది జనంలోకి వెళ్లింది పెద్ద థియేటర్ల నుంచి కాదు, రోమ్‌లోని ఫిల్మ్‌స్టూడియో అనే సినీ క్లబ్ నుంచి. ఈ సంగతి చెప్పినప్పుడు మనవాళ్ల మొహాలు వెలిగిపోయాయి. రెండేళ్లకే ‘ఎచ్చే బొంబో’ ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో పోటీకి వెళ్లింది. ఆ తర్వాత వెనిస్‌లో, బెర్లిన్‌లో బహుమతులు వచ్చాయి. ఈ తొలి దశ సినిమాలు మనలో చాలామందికి ఎక్కలేదన్నది దాచాల్సిన పని లేదు. డెబ్బైల నాటి రోమ్ కుర్రాళ్ల రాజకీయ కబుర్లు ఆ గొడవ తెలియనివాళ్లకి కొరుకుడు పడవు.

1987లో ఆంజెలో బార్బగాల్లోతో కలిసి సాకెర్ ఫిల్మ్ మొదలుపెట్టారు. ఇష్టమైన చాక్లెట్ కేకు పేరే సంస్థకి పెట్టుకున్నారు. తన సినిమాలే కాకుండా కార్లో మజ్జకురాటి, డానియేలే లుకెట్టి లాంటి కొత్తవాళ్ల తొలి సినిమాలూ నిర్మించారు. 1991లో రోమ్‌లోని ట్రాస్టెవెరే పేటలో నువోవో సాకెర్ అనే థియేటర్ తెరిచారు.

ఆ థియేటర్ మీద ఆయనే తీసిన ఏడు నిమిషాల చిన్న సినిమా ఒకటుంది. మన ఏడాదికి అదే తలమానికం అని నా అభిప్రాయం. ఇరాన్ దర్శకుడు కియారొస్తమీ ‘క్లోజప్’ విడుదలయ్యే రోజు అది. థియేటర్ ఓనరుగా మొరెట్టి పొద్దున్నుంచీ ఒకటే టెన్షన్. పేపర్లో ప్రకటన సరిగా వచ్చిందా, ఫోన్ చేసినవాళ్లకి సిబ్బంది ఏం చెబుతున్నారు, క్యాంటీన్లో శాండ్‌విచ్ ఎలా ఉంది అని అందరి ప్రాణాలూ తోడేస్తారు. అవతల ‘లయన్ కింగ్’ వసూళ్లు చూసి కుతకుతలాడతారు. కుర్చీలు సర్దే మన వాలంటీర్లు దీన్ని రెండోసారి కూడా వేయించుకున్నారు.

‘కారో దియారియో’ (1993) రోజున హాలు నిండింది. ఆగస్టులో ఖాళీ అయిన రోమ్ వీధుల్లో ఆయన వెస్పా స్కూటర్ మీద తిరగడం అందరికీ నచ్చింది కానీ, చర్చ మాత్రం మూడో భాగం చుట్టూనే తిరిగింది. అందులో ఆయనకి ఒళ్లంతా దురద. ఒక్కో స్కిన్ డాక్టరు ఒక్కో మందు రాస్తాడు. టేబుల్ మీద మందులు కుప్ప పడతాయి. చివరికి ఆక్యుపంక్చర్ చేసే చైనీయులు ఆయన దగ్గు విని ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమంటారు. తేలింది హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్. అది కల్పన కాదు, ఆయనకి జరిగిందే. అసలు కీమోథెరపీ దృశ్యం కూడా సినిమాలో ఉంది. మన సభ్యుల్లోని డాక్టర్లు కాసేపు నొచ్చుకున్నారు, తర్వాత వాళ్లే ఎక్కువసేపు మాట్లాడారు. ఈ సినిమాకి 1994లో కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది.

కొడుకుని పోగొట్టుకున్న సైకోఅనలిస్టు కథ ‘లా స్తాంజా దెల్ ఫిల్యో’ 2001లో కాన్ అత్యున్నత బహుమతి పామ్ ద ఓర్ గెలిచింది. అది అయ్యాక చర్చ పెట్టలేదు, పెట్టాలనీ ఎవరూ అడగలేదు. అప్పటి ఇటలీ ప్రధాని బెర్లుస్కోనీ మీద తీసిన ‘ఇల్ కైమానో’ 2006 మార్చిలో, ఎన్నికలకి కొద్ది రోజుల ముందు విడుదలైంది. ఎన్నికల ముందు సినిమాలు వదలడం మనకి కొత్తేమీ కాదు కాబట్టి ఆ సాయంత్రం వాదన బాగా వేడెక్కింది. మన దగ్గర అలాంటి సినిమాలు ఒకరి కోసం తీస్తారు, ఈయన ఎవరి కోసమూ తీయలేదన్న మాట దగ్గర సగం మంది ఒప్పుకోలేదు. ‘ఇల్ సోల్ దెల్లవ్వెనీరె’ (2023)లో నెట్‌ఫ్లిక్స్ వాళ్లు తమ సినిమాలు ‘190 దేశాల్లో’ చూస్తారని మాటిమాటికీ చెప్పే సీన్‌కి మాత్రం అందరూ కలిసి నవ్వారు.

తెలుగు సబ్‌టైటిల్స్ మన సభ్యులే రాశారు. ఇటాలియన్ వేగానికి వాళ్లు పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు, వాళ్లకి కృతజ్ఞతలు. హాలు అద్దె మధ్యలో పెంచారు, అందుకే రెండు ప్రదర్శనలు సభ్యుల ఇళ్లలో జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

వచ్చే ఏడాదికి ఆలీచే రోర్వాకర్ పేరు ప్రతిపాదిస్తున్నాం. ఆమె కూడా ఇటలీయే, తన కథలు తానే రాసుకుంటారు, 2014లో కాన్‌లో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రీ అందుకున్నారు. అభ్యంతరాలుంటే ఈ సమావేశంలోనే చెప్పండి. చందా బకాయిలు ఉన్నవారు వెళ్లేలోపు కట్టేస్తే హాలుకి అడ్వాన్సు ఇచ్చేస్తాం.

కార్యదర్శి