నెమోది బుందేల్‌ఖండ్ అని ఎవరు చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

పాత సాహస నవల ఏదైనా మళ్లీ తెరకెక్కిందంటే నటీనటులు, గ్రాఫిక్స్, ఖర్చు గురించి పేజీలకు పేజీలు వస్తాయి. మూలంలో ఉన్నదేమిటి, తీసేసిందేమిటి, దాంతో పాత్ర ఏమైపోయింది అన్న మాట మాత్రం కనిపించదు. ఈ లోటు వల్ల మనకు జరిగిన నష్టానికి ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ సృష్టించిన జలాంతర్గామి నాయకుడు కెప్టెన్ నెమో కంటే మంచి ఉదాహరణ లేదు.

‘సముద్రం అడుగున ఇరవై వేల లీగులు’ 1869-70లో ఫ్రెంచిలో ధారావాహికగా వచ్చింది. (లీగులంటే లోతు కాదు, తిరిగిన దూరం. దాదాపు 80,000 కిలోమీటర్లు.) ఆ నవలలో నెమో ఏ దేశంవాడో చెప్పలేదు. వెర్న్ మొదట అతన్ని రష్యా సైన్యం చేతిలో కుటుంబాన్ని పోగొట్టుకున్న పోలండ్ ప్రభువుగా అనుకున్నాడు. ప్రచురణకర్త హెట్జెల్ అందుకు ఒప్పుకోలేదు. జవాబు 1874-75లో వచ్చిన ‘రహస్య ద్వీపం’లో దొరుకుతుంది. నెమో అసలు పేరు దక్కార్. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు. పదేళ్ల వయసులో ఐరోపా వెళ్లి, ముప్ఫయ్యో ఏడు దాకా శాస్త్రాలు, కళలు నేర్చుకుని 1849లో స్వదేశం వచ్చాడు. 1857 తిరుగుబాటులో ముందు వరుసలో నిలిచి ఇరవై పోరాటాల్లో పది గాయాలు తిన్నాడు. తల్లిదండ్రులు, భార్య, ఇద్దరు పిల్లలు బలైపోయారు. అతని జలాంతర్గామి నాటిలస్ పుట్టింది ఆ దుఃఖంలోంచి.

మొదటి నవలలోనే దీనికి ఒక ఆనవాలు ఉంది. మన్నార్ సింధుశాఖలో ముత్యపు చిప్పల సీజను ఇంకా మొదలు కాలేదు. ఒక పేద భారతీయుడు ముందుగానే ఒంటరిగా పడవ వేసుకుని వచ్చి, కాళ్ల మధ్య రాయి పట్టుకుని అయిదు మీటర్ల లోతుకు దిగుతూ, మునిగినప్పుడల్లా పదేసి చిప్పలు ఏరుకుంటుంటాడు. సొరచేప వస్తుంది. నెమో కత్తి దూసి దాని మీదికి వెళతాడు. సొరచేప అతన్ని కింద పడేసినప్పుడు, నాటిలస్‌లో బందీగా ఉన్న తిమింగలాల వేటగాడు నెడ్ లాండ్ ఈటె దాని గుండెలో దిగుతుంది. ఆ పేదవాడిని బతికించి, చేతిలో ముత్యాల సంచి పెట్టి పంపాక నెమో అంటాడు: అతను అణచివేతకు గురైన దేశంవాడు, చివరి శ్వాస దాకా నేనూ ఆ దేశంవాడినే. ఈ ఒక్క మాట పోతే నెమో కోపానికి కారణం పోతుంది.

తెర మీద ఏం జరిగిందో చూడండి. 1916 నాటి మూకీ సినిమా రెండు నవలలనూ కలిపేసింది, లేని కూతురిని చేర్చింది. అయినా నెమోను భారతీయ రాజకుమారుడిగానే ఉంచింది. 1954లో డిస్నీ తీసిన సినిమాలో నెమోగా జేమ్స్ మేసన్ గొప్పగా నటించాడు. కానీ అందులో అతను రూరా పెంథే అనే ఖైదీల దీవి నుంచి తప్పించుకున్నవాడు. భార్యనూ బిడ్డనూ చంపిన దేశానికి పేరుండదు. బుందేల్‌ఖండ్ లేదు, ముత్యాల మనిషీ లేడు. చివరికి నెమో తుపాకీ గుండు తగిలి చనిపోతాడు, అతని దీవి పేలిపోతుంది. నవల ముగింపు అది కాదు. నార్వే దగ్గర సుడిగుండంలో నాటిలస్ చిక్కుకుంటుంది, నెమో బతికాడో లేదో తెలియకుండానే కథ ఆగుతుంది.

మార్పులన్నీ తప్పని నేను అనడం లేదు. అదే డిస్నీ సినిమాలో, పొడవాటి చేతులుండే సముద్రజీవి రాకాసి స్క్విడ్‌తో పోరాటాన్ని మొదట ప్రశాంతమైన సాయంత్రపు వెలుగులో తీశారు. బొమ్మను ఆడించే తీగలు కనిపిస్తున్నాయని పారేసి, రాత్రి తుఫానులో మళ్లీ తీశారు. నవలలో తుఫాను లేదు. ఆ మార్పు కథకు మేలే చేసింది. కీడు చేసిన మార్పు ఆ పక్కనే ఉంది. నవలలో పది పన్నెండు స్క్విడ్‌లు వస్తాయి. ఒకదాని ముక్కు ప్రొపెల్లర్‌లో ఇరుక్కుని నౌక ఆగిపోతుంది. విద్యుత్ తూటాలు మెత్తటి కండలో పేలవు కాబట్టి గొడ్డళ్లు పట్టుకోవలసి వస్తుంది. నెడ్‌ను స్క్విడ్ నోటి నుంచి తప్పించేది నెమోయే, మన్నార్‌లో పడ్డ బాకీ తీర్చుకోవడానికి. సినిమాలో ఇది తలకిందులైంది, నెడ్ నెమోను కాపాడతాడు. మన్నార్ దృశ్యం తీసేశాక బాకీ తీర్చడానికి చోటే లేదు మరి. ఒక ఇటుక లాగితే పై వరస ఎలా కూలుతుందో ఇక్కడ కళ్లకు కడుతుంది. అదీగాక నెడ్ వేషం కర్క్ డగ్లస్‌ది. స్టార్ ఉన్న పాత్ర వైపు కథ ఒరగడం మన సినిమాల్లోనూ మనకు తెలిసిందే.

1961 నాటి ‘రహస్య ద్వీపం’ సినిమాలో నవలలో లేని రాకాసి పీత, రాకాసి తేనెటీగలు వచ్చి చేరాయి. నెమో ప్రపంచం ఆకలి తీర్చడానికి జీవాలను రాకాసి పరిమాణానికి పెంచే శాస్త్రవేత్త అయ్యాడు.

2024లో వచ్చిన ‘నాటిలస్’ సిరీస్ నెమోను మళ్లీ భారతీయుణ్ని చేసింది. సంతోషం. కానీ అందులో నౌకను కట్టిస్తున్నది ఈస్ట్ ఇండియా మర్కంటైల్ కంపెనీ. నెమో తోటి ఖైదీలతో కలిసి దాన్ని ఎత్తుకుపోతాడు. వెర్న్ రాసింది వేరు. 70 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న ఆ నౌకను గీసింది నెమోయే. అడుగుదూలం ఫ్రాన్సులోని క్రూసోలో, ప్రొపెల్లర్ గ్లాస్గోలో, ఇంజను ప్రష్యాలోని క్రుప్ కర్మాగారంలో, పరికరాలు న్యూయార్క్‌లో చేయించి, ఎవరికీ అనుమానం రాకుండా వేర్వేరు పేర్లతో తెప్పించి, నిర్జన దీవిలో బిగించుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి రచయిత ప్రపంచంలోకెల్లా గొప్ప ఇంజనీరుగా ఒక భారతీయుణ్ని నిలబెట్టాడు. దేశాన్ని తిరిగిచ్చిన సిరీస్ ఆ విద్యను లాగేసుకుంది. నాకు ఇదే ఎక్కువ బాధ.

తప్పంతా తెరదే కాదు. కింగ్‌స్టన్ అనే ఆంగ్ల రచయిత పేరుతో 1875లో వచ్చిన ‘రహస్య ద్వీపం’ ఇంగ్లిష్ అనువాదం, బ్రిటిష్ పాలన మీద నెమో కథలోని పదును తీసేసి, ప్రజలను స్వార్థపరులైన రాజులు రెచ్చగొట్టినట్టు మార్చింది. ఉచితంగా దొరికేది కాబట్టి నేటికీ చాలామంది చేతికి చేరేది అదే. దాన్నుంచి తెలుగులోకి కుదిస్తే మన పిల్లలకు అందేది రెండుసార్లు వడకట్టిన నెమో.

అందుకే మీ పత్రికకు ఒక విన్నపం. నవల ఆధారంగా వచ్చిన సినిమాను సమీక్షించేటప్పుడు చివర నాలుగు వాక్యాలు కేటాయించండి: మూలం ఏ సంవత్సరంది, ముగింపు అదేనా, ఏ ముఖ్యపాత్ర పోయింది లేదా కొత్తగా వచ్చింది, నాయకుడి కారణం మారిందా. తెలుగు డబ్బింగ్ ఇచ్చే ఓటీటీలు పరిచయంలో ‘నవల ఆధారంగా’ అన్న మాటను, ‘నవలలోని పాత్రలతో కొత్త కథ’ అన్న మాటను వేరుచేసి రాయాలి. పిల్లల కోసం సంక్షిప్త అనువాదాలు వేసే ప్రచురణకర్తలు లోపలి మొదటి పేజీలో ఇది సంక్షిప్తమని, ఫ్రెంచి నుంచా ఇంగ్లిష్ నుంచా, ఎవరి అనువాదం నుంచి చేశారో అచ్చువేయాలి. దానికి రెండు పంక్తుల చోటు చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు