ఎడ్డీకి మళ్లీ టికెట్టా?

సంపాదకులకు,

టెక్కెన్ అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లో ఏడో భాగం, టెక్కెన్ 7, కన్సోళ్లకు (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాలకు) 2017లో వచ్చింది, 2024 జనవరిలో ఎనిమిదో భాగం దిగేదాకా దాన్నే నడిపించారు, మధ్యలో కొత్త ఫైటర్లను కలుపుతూ. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. కొత్త భాగం వస్తే చేతికి అలవాటైన కాంబోలు (ఆపకుండా వరసగా కొట్టే దెబ్బలు) సగం పోతాయి మరి.

కానీ 32 మంది ఫైటర్లతో మొదలైన టెక్కెన్ 8లో పాత ఫైటర్ ఎడ్డీ లేడు! టెక్కెన్ 3 రోజుల్లో వీడియో గేమ్ షాపులో గంట లెక్కన డబ్బులిచ్చి, రెండు కిక్ బటన్లూ టపటపా నొక్కేసి మా అన్నయ్యను ఓడించింది వాడితోనే. వాడిని ఏప్రిల్‌లో విడిగా డబ్బు తీసుకుని ఇచ్చారు. ఏడో భాగం కథలో లావాలో పడేసిన మరో పాత ఫైటర్ హెయిహాచినీ అదే ఏడాది అలాగే డబ్బుకు లేపారు (చావడని ముందే తెలుసు లెండి). కొత్తవాళ్లకు డబ్బు అడగండి, ఇస్తాం. పాతవాళ్లను మొదటి రోజే పెట్టండి.

— ఒక పాఠకుడు, విజయవాడ