తంబూరాకి, మూడో నిమిషం గురించి

ఒరేయ్ తంబూరా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయకపోవడం తప్పే, క్షమించు. తిట్టాలనుంటే వచ్చే ఉత్తరంలో తిట్టు, ఇప్పుడు మాత్రం చదువు. అమ్మ మోకాలు నయమైంది. చెల్లికి ఉద్యోగం వచ్చింది. నేను ఇల్లు మారాను, కొత్త అడ్రసు కవరు వెనక రాశాను. ఇంతే వార్తలు.

అసలు సంగతి ఇది. మొన్న రాత్రి నిద్ర పట్టక 'గిమ్మీ షెల్టర్' పెట్టుకున్నాను. పచ్చ కుర్చీ రోజుల్లో మనం అరగదీసిన పాటే, ఇంగ్లండ్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్‌ది. కాకపోతే ఈసారి దొరికింది వాయిద్యాలన్నీ తీసేసి గొంతులు మాత్రమే ఉంచిన ట్రాక్. గిటార్ లేదు, డ్రమ్స్ లేవు. హెడ్‌ఫోన్స్‌లో ఆ పాటలో వెనక గొంతు కలిపిన ఆవిడ ఒక్కతే చెవి పక్కన నిలబడి పాడుతున్నట్టుంది. మూడో నిమిషం దగ్గర తారస్థాయికి పోయి, ఒక మాట మీద గొంతు చీలిపోతుందిరా. ఆ వెంటనే ఎక్కడో దూరంగా ఓ కేక వినిపిస్తుంది. ఆ బృందం ముఖ్య గాయకుడు మిక్ జాగర్ గొంతు. ఆనందం పట్టలేక అరిచేశాడని నాకనిపించింది. ఇన్నేళ్ళుగా వింటున్నాం, ఆ కేక మనకెప్పుడూ వినపడలేదు చూడు! నేను లేచి కూర్చున్నాను. మళ్ళీ పెట్టాను. ఎన్నిసార్లు విన్నానో అడక్కు.

ఆవిడ పేరు మెర్రీ క్లేటన్. 1969లో సంగతి, లాస్ ఏంజెలెస్. అర్ధరాత్రి కావస్తోంది, నిద్రకి సిద్ధమయింది. గర్భవతి. ఎవరో ఇంగ్లండ్ కుర్రాళ్ళు రికార్డింగ్ చేస్తున్నారు, ఆడగొంతు కావాలి, ఇప్పుడే రావాలి అని ఫోను. ఆవిడ రానంటే భర్తే వెళ్ళమని నచ్చజెప్పాడట. జుట్టుకి కర్లర్లు, ఒంటిమీద పట్టు పైజమా, అలాగే వెళ్ళింది. కాగితం మీద అత్యాచారం, హత్య అన్న మాటలు చూసి ఇదేం పాట అని అడిగిందట. సందర్భం చెప్పారు, పాడింది. ఇంకోసారి అన్నారు. ఈసారి ఒక స్థాయి పైకెత్తి పాడింది. మనం వింటున్నది ఆ పాడటమే. పని ముగించుకుని ఇంటికెళ్ళిపోయింది. అప్పటికింకా 21 ఏళ్ళు నిండలేదురా! మనం ఆ వయసులో... మెట్ల మీద సంగతి గుర్తు చేయనులే, భయపడకు.

ఆ తర్వాత ఆవిడకి గర్భం పోయింది. చాలాకాలం ఆ పాట వినలేకపోయానని తనే చెప్పుకుంది. ఇది చదివాక ఆ రాత్రి ఇంక పాట పెట్టలేకపోయాను. అంతకుముందు అన్నిసార్లు ఆ చీలికకి మురిసిపోయానే అని...

ఇంకోటి విను. ఆవిడ పుట్టింది క్రిస్మస్ నాడు, అందుకని మెర్రీ. ఈ పాట ఉన్న ఆల్బమ్ అట్ట మీద 'మేరీ' అని అచ్చయింది. ఒక్క అక్షరం చూసుకునే మనిషి లేకపోయాడు. ఇది మాత్రం నాకు మింగుడుపడటం లేదు.

వెనక గొంతు కలిపే వీళ్ళందరి కథా అంతేరా. వస్తారు, పాడతారు, ఆ పూట కూలి తీసుకుని వెళ్తారు. పాట కోట్లమంది విన్నా ఆ పూట కూలి పెరగదు. క్లేర్ టోరీ తెలుసుగా, పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం పాటలో మాటలే లేకుండా గుండెలు పిండేసిన గొంతు? 1973 జనవరిలో ఒక ఆదివారం పాడింది, 30 పౌండ్లిచ్చారు. అదీ ఆదివారమని రెట్టింపు! స్వరరచనలో తనకీ వాటా ఉందని 2004లో కోర్టుకెక్కింది, మరుసటేడు రాజీ కుదిరి పేరు చేర్చారు. 1962లో డార్లీన్ లవ్ పాడిన పాట అమెరికాలో మొదటి స్థానానికెళ్తే, రికార్డు మీదున్నది వేరే బృందం పేరు. తర్వాత ఆవిడ ఇళ్ళు శుభ్రం చేసే పనికి కూడా వెళ్ళింది. ఒకరింట్లో బాత్రూమ్ కడుగుతుంటే రేడియోలో తన పాటే వచ్చిందట. మళ్ళీ పాడటానికి వెళ్ళిందిలే, 2011లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. అయినా ఆ బాత్రూమ్ నా కళ్ళముందు నుంచి పోవడం లేదు.

అందరూ ముందుకి రాలేక వెనక ఉన్నారనుకోకు. లీసా ఫిషర్‌కి సొంత పాటకి గ్రామీ వచ్చింది, 1992లో. ఆల్బమ్ ఒక్కటే చేసి మళ్ళీ పక్క మైకు దగ్గరికే వెళ్ళింది. 1989 నుంచి పాతికేళ్ళ పైన స్టోన్స్ కచేరీల్లో మెర్రీ పాడిన ఆ వరసని తనే పాడింది. వెతికి విను, వేరే రంగులో ఉంటుంది.

మెర్రీకి 2014లో కారు ప్రమాదం జరిగింది. రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద తీసేశారు. తెలివి రాగానే గొంతుకేమైనా అయిందా అని అడిగిందట. 2021లో కొత్త ఆల్బమ్ తెచ్చింది. ఒరేయ్, గొంతుకేమైనా అయిందా అని!

నీ ఉత్తరంలో చివరి వాక్యం ఉంది చూడు, "పాడటం మానేశాను, ఎలాగూ వెనక నిలబడేవాణ్ణేగా" అని. రెండు నెలలుగా అది నన్ను గుచ్చుతూనే ఉంది. జవాబు ఆలస్యమైంది కూడా అందుకే, ఏం రాయాలో తెలియక. మన పాత క్యాసెట్ నా దగ్గరే ఉంది. నిన్న వేశాను. రెండో చరణంలో నువ్వు కింద పట్టుకున్న ఆ షడ్జం, ఊపిరి తీసుకోవడానికి ఒక్కచోట ఆపావు, సరిగ్గా అక్కడ నా శ్రుతి...

తలుపు కొడుతున్నారు. పోస్టుకి వెళ్ళే అబ్బాయి, ఆగడు. క్యాసెట్ కూడా ఇదే కవరులో పెడుతున్నాను. రెండో వైపు వెయ్యి, నేను

నీ
ఎడమ మైకు