తిప్పి పంపితే బాగోలేదనేనా?

సంపాదకులకు నమస్కారం.

మంచి రాతప్రతులను ప్రచురణకర్తలు తొక్కేస్తున్నారంటూ మీ పత్రికలో వచ్చిన లేఖ చదివాను. నిరుడు నేనూ అలాగే తిట్టుకున్నాను. చెన్నైలోని మాంబళం తెలుగు కుటుంబాల మీద రాసిన నా కథలు ఆర్నెల్ల తర్వాత వెనక్కి వచ్చాయి. ఉండబట్టలేక ప్రచురణకర్త దగ్గరికి వెళ్లి అడిగితే, "మీ పుస్తకం పోదని కాదమ్మా, 500 కాపీలు పోతాయి" అంటూ ఆయన పాత ప్రూఫు కాగితం వెనక లెక్క వేశారు. పదహారు పేజీలకో ఫారం చొప్పున 200 పేజీలంటే పన్నెండున్నర ఫారాలు. ఒక్కో కాపీ వెల 200 రూపాయలు. షాపు కమిషన్ 80, రాయల్టీ 20, అచ్చుకు 80. మిగిలేది 20. అన్నీ అమ్మితే పదివేలు. డీటీపీ, ముఖచిత్రం ఖర్చులు అందులోనే. అదీ మూడేళ్లకు, షాపులవాళ్లు బాకీ తీరిస్తే! ఆలోగా అచ్చుకు పెట్టిన 40 వేలు గోడౌన్‌లో చెదలతో కాపురం చేస్తాయి. ఏడాదికి ఆరు పుస్తకాలే వేయగలిగినాయన ఆ డబ్బు పోటీ పరీక్షల గైడుకి పెట్టడంలో నాకు తప్పు కనిపించలేదు.

1854లో వావిళ్ల ప్రెస్సు, 1947లో చందమామ మొదలైన ఊరు మా చెన్నై. ఇప్పుడు తెలుగు పుస్తకం కావాలంటే హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పార్సిల్ తెప్పించుకుంటున్నాం. మాంబళం కథలను అక్కడి షాపులో ఎవరడుగుతారు?

నా కోపమల్లా ఆర్నెల్లు నాన్చి, ఒక్క ముక్క రాయకుండా కవరు తిప్పి పంపినందుకే. "బాగుంది, పెట్టుబడి లేదు" అని కార్డు రాసినా, మూడో కథను అనవసరంగా చింపేసేదాన్ని కాదు.

ఒక పాఠకురాలు,
వెస్ట్ మాంబళం, చెన్నై